పొద్దుగూకే లోపు అయిపోయే పని

అంబాసిడర్ ఇంజన్‌కి ముందు వైపు, ఫ్యాను వెనకాల, ఒక రేకు మూత ఉంటుంది. దాని కింద టైమింగ్ చైన్. చూడటానికి సైకిల్ చైన్ లాంటిదే, కాకపోతే రెండు వరుసలది, ఎక్కడా జాయింటు ఉండదు. కింద క్రాంకు (పిస్టన్ల తోపుకి తిరిగే ఇరుసు) పళ్లచక్రం, పైన క్యాము (వాల్వులని తెరిచే ఇరుసు) పళ్లచక్రం. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యాము ఒక్క చుట్టు తిరగాలి. వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలి, ఎప్పుడు మూసుకోవాలి, ఏ ప్లగ్గులో ఎప్పుడు నిప్పు పడాలి, అన్నీ ఆ లెక్క మీదే నడుస్తాయి. ప్లగ్గులకి వరసగా కరెంటు పంచే డెల్కోని తిప్పేది కూడా క్యామే కాబట్టి చైన్ సాగితే ఇంజన్ లెక్క మొత్తం తప్పుతుంది.

మా పెద్దనాయిన బండికి ఆ చైన్ మార్చడం మొదటి నుంచి చివరి దాకా దగ్గరుండి చూశాను. 1990ల చివర, నేను నల్లగొండ ఎన్జీ కాలేజీలో డిగ్రీ చదివే రోజులు. వేసవి సెలవులు. దేవరకొండ రోడ్డులో వేపచెట్టు కింద రేకుల షెడ్డు వేసుకున్న మెకానిక్ ఉస్తాద్ మా పెద్దనాయినకు చెప్పిన మాట ఇది: "పొద్దుగాల మొదలుపెడితే పొద్దుగూకే లోపట అయిపోతది అన్నా. చైన్ తీసుడు, చైన్ ఏసుడు, గంతే."

ఉస్తాద్ అబద్ధం చెప్పలేదు. కొత్త బండికైతే అది నిజంగా అంతే పని.

బండి సంగతి చెప్పాలి. మార్క్ 4, పెట్రోలు, 1489 సీసీ ఇంజన్, స్టీరింగ్ గేరు. పెద్దనాయిన చేతికి వచ్చేసరికే ఇద్దరి ముగ్గురి దగ్గర తిరిగింది. ఆ ఇంజన్ మూలం ఇంగ్లండ్‌ది, అక్కడి కార్ల కంపెనీ బీఎంసీ వాళ్ల బీ సిరీస్. బండి కూడా అక్కడి మోరిస్ ఆక్స్‌ఫర్డే, బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో అంబాసిడర్ అని పేరు మార్చుకుని 2014 దాకా తయారైంది. ఇంగ్లండ్ ఇంజన్ కావడం వల్ల బోల్టులన్నీ ఇంచీ కొలతలు. ఈ ఇంచీల సంగతి తర్వాత వస్తుంది, మతిలో పెట్టుకోండి.

పెద్దనాయినకి బస్టాండు దగ్గర అడ్డా. అమావాస్య వస్తే చెరువుగట్టు గుడి, శని ఆదివారాలు యాదగిరిగుట్ట, లగ్గాల సీజన్‌లో పెండ్లికొడుకు బండి, అర్ధరాత్రి ఎవరికైనా గుండెనొప్పి వస్తే హైదరాబాద్. నల్లగొండ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు. నార్కట్‌పల్లి దగ్గర తొమ్మిదో నంబరు హైవే ఎక్కితే (ఇప్పుడు దాన్ని 65 అంటున్నారు) పెద్దనాయిన కాలు యాక్సిలరేటర్ మీద నుంచి లేచేది కాదు. ఆ బండిలో పేషెంట్ వెనక సీటు మీద పూర్తిగా పడుకోవచ్చు. అందుకే మారుతీలు ఎన్ని వచ్చినా రాత్రిపూట గిరాకీ మా బండికే.

ఆ ఏడు పొద్దున్నే స్టార్ట్ చేస్తే ముందు వైపు నుంచి గరగరమని చప్పుడు రావడం మొదలైంది. కాసేపటికి తగ్గేది. చైన్‌ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్‌తో పనిచేస్తుంది కదా, ఆయిల్ పైకెక్కాక కొంచెం సర్దుకునేది. పోను పోను తగ్గడం మానేసింది. గుట్ట ఘాట్ ఎక్కేటప్పుడు బండి లాగడం లేదని పెద్దనాయిన గొణిగేవాడు. ఉస్తాద్ పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనని రేకు మూత మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని విన్నాడు. "చైన్ లూజయ్యింది. ఇంకొన్ని రోజులైతే పన్ను దుంకుతది. అప్పుడు రోడ్డు మీద నిలబడతవ్."

రేడియేటర్ దింపితే గాని పుల్లీ దగ్గరికి పోలేం. మొదటి పనే అది, మొదటి దెబ్బా అక్కడే. నీళ్లు వదలడానికి అడుగున ఇత్తడి కుళాయి ఉంటుంది. తిప్పితే చుక్క రాలేదు. తీగ పెట్టి పొడిస్తే తెల్లటి పెచ్చులు రాలాయి. కింది హోస్ పైపు గొట్టానికి అతుక్కుపోయింది, కత్తితో కోస్తే గాని రాలేదు. కోసి లాగేసరికి గొట్టం అతుకు విడిచి, అది కూడా హోస్‌తో పాటు చేతికొచ్చింది.

నల్లగొండ వాళ్లకి నీళ్ల గురించి ఒకరు చెప్పాల్సిన పని లేదు. నీళ్లలో ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం కలిపే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి (పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్లు కనిపెడితే, దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరే స్థిరపడింది. ఫ్లోరైడ్ మా జిల్లాలో మనుషుల ఎముకల్ని పట్టుకుంది. బోరు నీళ్లలోని మిగతా ఉప్పులు బండ్ల రేడియేటర్లని పట్టుకున్నాయి. పెద్దనాయిన మటుకు పానగల్ ఉదయసముద్రం నుంచి క్యాన్లలో చెరువు నీళ్లు తెచ్చి పోసేవాడు. ఆయనకంటే ముందు బండి నడిపిన వాళ్లకి ఆ ఓపిక లేదని ఆ పెచ్చులు చూస్తేనే తెలిసింది. రేడియేటర్ పనిచేసే ఆయన దాన్ని కాస్టిక్ సోడా నీళ్లలో ఉడకబెట్టి, గొట్టం తిరిగి అతికిస్తానన్నాడు. ఆయన ముందు అప్పటికే ఒక ట్రాక్టర్ రేడియేటర్, రెండు జీపులవి ఉన్నాయి. అంటే ఆ రోజు పొద్దుగూకే లోపు బండి కదలదని అక్కడే తేలిపోయింది.

"సరే, ఈలోపట చైన్ పని చూస్కుందాం" అన్నాడు ఉస్తాద్.

క్రాంకు పుల్లీని పట్టి ఉంచేది ఒక పెద్ద నట్టు. ముందు నుంచి హ్యాండిల్ పెట్టి తిప్పే కాలంలో ఆ హ్యాండిల్ కొక్కేలు తగిలేది దానికే, అందుకే డాగ్ నట్టు అంటారు. దాని వెనక ఒక లాక్ వాషర్, దాని చెవి మడిచి ఉంటుంది. మాకు దొరికిన నట్టుకి మూలలే లేవు. వరసగా ఛేనీ (ఇనుప ఉలి) గాట్లు. ఎవరో సరైన పానా లేక, ఛేనీ పెట్టి సుత్తితో కొట్టి తీశారు, మళ్లీ అట్లే కొట్టి బిగించారు. ఉస్తాద్ ఆ నట్టు ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. తర్వాత ఆ పని చేసిన మనిషిని, వాడికి పని నేర్పిన వాడిని ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి తిట్టాడు.

టాప్ గేరులో వేసి, పెద్దనాయిన లోపల కూర్చుని బ్రేకు తొక్కితే, పానాకి గొట్టం తొడిగి ఇద్దరు వేలాడారు. పానా జారి చోటా మోకాలికి తగిలింది. షెడ్డులో పని నేర్చుకునే పిల్లవాడిని అందరూ చోటా అనే పిలిచేవాళ్లం. కిరోసిన్ పోసి రాత్రంతా ఉంచారు. మర్నాడు గ్యాస్ వెల్డింగ్ మంటతో వేడి చేశారు. కదల్లేదు. అప్పుడు ఉస్తాద్ అందరినీ దూరం జరగమన్నాడు. ప్లగ్గు వైర్లన్నీ పీకించాడు. ఒక మందపాటి రింగు పానాని నట్టుకి సుత్తితో కొట్టి ఎక్కించి, దాని పిడిని ఛాసిస్ ఇనుముకి ఆనించాడు. పెద్దనాయినని తాళం ఒక్క క్షణం తిప్పి వదిలేయమన్నాడు. స్టార్టర్ ఇంజన్‌ని తిప్పబోయింది, పానా కదలనివ్వలేదు, టప్పుమని పెద్ద చప్పుడు. నట్టు వదిలింది. పానా జారి ఉంటే ఎవరి కాలో చేయో పోయేది. ఇప్పుడు తలుచుకుంటే భయం వేస్తుంది గానీ ఆ రోజు అందరం చప్పట్లు కొట్టాం.

పుల్లీ బయటికి వచ్చాక దాని మెడ చుట్టూ వేలికి తగిలేంత గాడి కనిపించింది. ఆయిల్ సీల్ పెదవి ఏళ్ల తరబడి ఒకే చోట రుద్దీ రుద్దీ ఇనుముని తినేసింది. కొత్త సీల్ వేసినా ఆ గాడిలోంచి ఆయిల్ కారుతూనే ఉంటుంది. దాన్ని లేత్ మీద సాపు చేయించి సన్నటి బుష్ తొడిగించాలి. లేత్ ఆయన దగ్గర వరి మిల్లుల పనులు వరసలో ఉన్నాయి. మిల్లుల పని వదిలి టాక్సీ పని ముందు చేసే లేత్ మా జిల్లాలో అప్పుడే కాదు, ఇప్పుడూ లేదు.

ఇక రేకు మూత. ఇంచీ బోల్టుల దగ్గరికి వచ్చాం. రెండు సైజుల చిన్న బోల్టులు చుట్టూ ఉంటాయి. ఒకటి మాత్రం తీస్తుంటే కిర్రుమంది, సగం బయటికి వచ్చి విరిగింది. విరిగిన ముక్కని వెలుగులో పెట్టి చూసి ఉస్తాద్ నా చేతిలో పెట్టాడు. "చూడు బేటా. ఇది ఎంఎం బోల్టు. ఇంచీ రంధ్రంల కొట్టి తిప్పిండు." అసలు బోల్టు ఎక్కడో పోయి ఉంటుంది, చేతికి దొరికిన దాన్ని ఇంకెవరో బలవంతంగా ఎక్కించారు. మిగిలిన ముక్కకి చిన్న డ్రిల్లు పెట్టి, కొంచెం కొంచెంగా తీసి, ట్యాపు తిప్పి గాట్లు బాగు చేయడానికి ఒక పూట పట్టింది. ఒక్క బోల్టుకి.

అప్పటికి అమావాస్య వచ్చి వెళ్లిపోయింది. చెరువుగట్టు బాడుగ ఇంకో జీపు ఆయనకి పోయింది. పెద్దనాయిన షెడ్డులో నులక మంచం మీద కూర్చుని, మాట్లాడకుండా బీడీ మీద బీడీ కాల్చేవాడు. పెద్దమ్మ అన్నం క్యారియర్ నాతో పంపేది. "ఏమన్నడు? ఈ రోజన్న అయితదా?" అని పొద్దున అడిగేది, సాయంత్రం అడిగేది. దగ్గరలో లగ్గం బాడుగ ఒకటి ఉంది. బయానా ముందే తీసుకున్నాడు. అదీ టెన్షన్.

మూత తెరిచాకే అసలు విషయం బయటపడింది. నాకు ఇన్నేళ్ల తర్వాత కూడా బాగా గుర్తున్నది ఆ గంటే.

చైన్ ఊరికే సాగలేదు. ఒక పక్క ఎక్కువ అరిగింది, ఒక పక్క తక్కువ. అలా ఎందుకు అరిగిందని ఉస్తాద్‌ని అడిగితే ఆయన జవాబు చెప్పకుండా చోటాని పంపి స్టీలు స్కేలు తెప్పించాడు. రెండు పళ్లచక్రాల ముఖాల మీద స్కేలు అడ్డంగా ఆనించాడు. పై చక్రానికి స్కేలు అంటింది, కింది చక్రానికి అంటలేదు, మధ్యలో సందు. ఆ సందులో, సందులు కొలిచే పల్చటి ఫీలర్ గేజ్ ఆకులు ఒకదాని మీద ఒకటి పెట్టి కొలిచాడు. ఈ ఇంజన్‌లో క్రాంకు చక్రం వెనక పల్చటి రేకు వాషర్లు ఉంటాయి. రెండు చక్రాలు ఒకే గీత మీద రావడానికి ఎన్ని కావాలో అన్ని వేస్తారు. ఇంతకు ముందు విప్పిన వాడు వాటిలో కొన్నిటిని పోగొట్టాడు. ఆయిల్‌లో తడిసి ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి, కిరోసిన్‌లో కడిగేటప్పుడు జారిపోతే తెలియను కూడా తెలియదు. కింది చక్రం వెనక్కి జరిగింది, చైన్ వంకరగా పరిగెత్తింది, ఒక వైపు పళ్లని తింటూ పోయింది.

అది చాలదన్నట్టు ఆయిల్ చిమ్మకుండా ఆపే చిన్న పళ్లెం తిరగేసి ఉంది. దాని మీద ఎఫ్ అనే అక్షరం కొట్టి ఉంటుంది, ఆ ముఖం బయటికి రావాలి. మాది లోపలికి ఉంది. మూత లోపల గుండ్రంగా గీరిన మెరుపు కనిపించింది. అంటే మేము విన్న గరగరలో కొంత చైన్‌ది, కొంత ఈ పళ్లెంది.

ఉస్తాద్ కోపం పోయింది. అక్కడి నుంచి ఆయన ధోరణే మారింది. ఎవరెవరు ఈ ఇంజన్ మీద చేయి పెట్టారో లెక్క వేయడం మొదలుపెట్టాడు. ఛేనీ కొట్టిన వాడొకడు. ఎంఎం బోల్టు ఎక్కించిన వాడు ఇంకొకడు, ఎందుకంటే ఆ బోల్టు మీద గాట్లు కొత్తవి. పళ్లెం తిరగేసిన వాడు, వాషర్లు పోగొట్టిన వాడు ఒక్కడే. "వీడు పనోడే. చైన్ మార్కులు సరిగ పెట్టిండు. టెన్షనర్ కొత్తది ఏసిండు. తొందర పడ్డడు, గంతే. ఎవడో ఓనరు నెత్తి మీద నిలబడి ఉంటడు" అని పెద్దనాయిన వైపు చూశాడు. పెద్దనాయిన బీడీ పారేసి బయటికి నడిచాడు.

చైన్, టెన్షనర్, ఆయిల్ సీల్ తెచ్చే పని నాకు పడింది. నల్లగొండలో చైన్ దొరికేదే, కానీ టెన్షనర్ లేదన్నారు. హైదరాబాద్ బస్సెక్కి ఇమ్లీబన్ బస్టాండులో దిగి పుత్లీబౌలి దాకా నడిచాను. దుకాణం ఆయన తల ఎత్తకుండానే అడిగాడు: "పెట్రోలా, డీజిలా, ఇసుజునా?" బయటికి ఒకే బండి అయినా లోపల అన్ని రకాల ఇంజన్లు వచ్చాయి మరి. ఉస్తాద్ పాత టెన్షనర్‌ని గుడ్డలో చుట్టి ఇచ్చి పంపాడు కాబట్టి నోటితో చెప్పే అవసరం రాలేదు, బల్ల మీద పెట్టాను. రేకు వాషర్లు అడిగితే మాత్రం ఆయన నవ్వాడు. అవి దుకాణంలో అమ్మే సామాను కాదు, ఇంజన్‌తో పాటు పుట్టి ఇంజన్‌తో పాటు పోయేవి. చివరికి నల్లగొండలోనే ఒక కబాడీ దుకాణం వెనక పడి ఉన్న పాత అంబాసిడర్ ఇంజన్ విప్పి, దాని క్రాంకు చక్రం వెనక ఉన్న వాషర్లన్నీ ఒక డబ్బాలో వేసుకొచ్చాడు ఉస్తాద్. ఆ కబాడీ ఆయన వాటిని తూకానికి ఇచ్చాడు. చాయ్ ఖర్చు కూడా కాలేదు.

బిగించడంలో ఒక చిక్కుంది. జాయింటు లేని చైన్ కనుక రెండు చక్రాలనీ చైన్‌తో సహా ఒకేసారి లోపలికి నెట్టాలి. రెండు చక్రాల మీద రెండు చుక్కలు ఉంటాయి, అవి ఎదురెదురుగా చూసుకోవాలి. నెట్టేటప్పుడు ఒక పన్ను అటో ఇటో అవుతుంది, మళ్లీ బయటికి లాగడం. చక్రం జారకుండా క్రాంకు మీద ఉండే అర్ధచంద్రాకారపు ఇనుప ముక్క, చాబీ అంటారు, ఒకసారి గాడిలోంచి లేచింది. అన్నీ కుదిరాక స్కేలు మళ్లీ ఆనించాడు. ఈసారి రెండు ముఖాలకీ అంటింది. ఉస్తాద్ స్కేలు తీయకుండా పెద్దనాయినని పిలిచి చూపించాడు.

రేడియేటర్ వచ్చింది, పుల్లీ వచ్చింది, మూత బిగిసింది. స్టార్ట్ చేస్తే కార్బొరేటర్‌లోంచి ఎదురు పేలింది. మళ్లీ కొడితే మళ్లీ పేలింది. పెద్దనాయిన మొహం చూడలేకపోయాను. చుక్కలు తప్పాయేమో, మళ్లీ అంతా విప్పాలేమో అని అందరికీ అదే అనుమానం. ఉస్తాద్ మాత్రం ముందు మూత జోలికి పోలేదు, వాల్వుల మీద ఉండే టాపెట్ కవర్ విప్పాడు. ఒకటో ప్లగ్గు తీసి ఆ రంధ్రం మీద నన్ను బొటనవేలు పెట్టమన్నాడు. ఇంజన్‌ని మెల్లగా తిప్పుతుంటే గాలి వేలిని తన్నింది. అదే సమయంలో నాలుగో సిలిండర్ వాల్వులు రెండూ ఒకటి మూసుకుంటూ ఒకటి తెరుచుకుంటూ ఊగాయి. ఒకటి కంప్రెషన్ మీద ఉంటే నాలుగు అట్లా ఊగాలి, అంటే చైన్ సరిగ్గానే ఉంది. డెల్కో మూత తీసి చూస్తే లోపలి రోటర్ నాలుగో నంబరు వైరు వైపు చూస్తోంది. నట్టు ఊడదీసే రోజు పీకిన వైర్లని చోటా తిరిగి పెట్టేటప్పుడు 1-3-4-2 వరస తప్పకుండానే పెట్టాడు, కానీ మొదలుపెట్టాల్సిన చోటుకి సరిగ్గా ఎదురు నుంచి మొదలుపెట్టాడు. ఉస్తాద్ వాడిని తిట్టలేదు. నాలుగు వైర్లూ పీకి వాడి చేతికే ఇచ్చి, రోటర్ చూపించి, పెట్టమన్నాడు.

అరక్షణంలో అందుకుంది ఇంజన్. గరగర లేదు. పెద్దనాయిన బానెట్ మీద వంగి చెవి పెట్టి, మొహం చిట్లించి, "ఉస్తాద్, టిక్కుటిక్కుమని ఏందో కొడుతుంది" అన్నాడు.

"అది టాపెట్ చప్పుడు అన్నా. ముందు నుంచీ ఉన్నదే. చైన్ లొల్లిల ఇన్ని రోజులు నీకు ఇనపడలే."

లగ్గం బాడుగ మటుకు దక్కింది. ఉస్తాద్ కూలి దగ్గర ఇద్దరూ గొడవపడ్డారు. ఒప్పుకున్నది ఒక రోజు పని కూలి, చేసింది ఎన్ని రోజుల పనో అందరికీ తెలుసు. చివరికి ఇద్దరికీ నచ్చని ఒక అంకె దగ్గర ఆగారు, చాయ్ తాగారు. మారుతీ 800 మీద ఉస్తాద్ అభిప్రాయం ఆ చాయ్ దగ్గరే విన్నాను. దాంట్లో చైన్ బదులు రబ్బరు బెల్టు. చప్పుడు చేయదు, ఆయిల్ అక్కర్లేదు, మార్చడం సులువు. ఉస్తాద్‌కి అది ఇష్టం లేదు. "చైన్ లొల్లి పెడతది, మనకు తెలుస్తది. బెల్టు సప్పుడు లేకుండ తెగుతది" అనేవాడు. ముసలోళ్ల మాటలే అనుకున్నాను అప్పుడు. చాలా ఏళ్లకి మా బావ డీజిల్ కారు బెల్టు చౌటుప్పల్ దాటాక తెగింది. ఏ చప్పుడూ లేదు, ఏ సూచనా లేదు. పిస్టన్లు వాల్వులకి తగిలి వాల్వులు వంగిపోయాయి, హెడ్ దింపాల్సి వచ్చింది. కిలోమీటర్లు చూసుకుని ముందే మార్పించి ఉంటే బెల్టుదేం తప్పు లేదనుకోండి. కానీ మా వైపు కిలోమీటర్లు చూసి సామాను మార్చే వాళ్లు ఎంతమంది?

పుల్లీకి బుష్ వేయించినా, కొత్త సీల్ వేసినా, ముందు నుంచి ఆయిల్ చుక్క పడటం పూర్తిగా ఆగలేదు. రాత్రి నిలబెడితే పొద్దున ఒక రూపాయి బిళ్లంత మరక. 2000 దాటాక పెద్దనాయినకి కంటిచూపు తగ్గి బండి అమ్మకానికి పెట్టినప్పుడు, మిర్యాలగూడ వైపు నుంచి వచ్చిన ఆయన ఇంజన్ చప్పుడు విని తల ఊపాడు, తర్వాత కింద మరక చూసి ధర తగ్గించాడు. పెద్దనాయిన ఒప్పుకున్నాడు. తాళాలిచ్చేటప్పుడు ఇంట్లోకి పోయి ఉస్తాద్ దగ్గర మిగిలిన రేకు వాషర్ల డబ్బా తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

"ఇవి పెట్టుకో. చైన్ ఇప్పినప్పుడు పోతయి, యాడ దొరకయి."

ఆయన డబ్బా మూత తీసి చూశాడు. "అంటే మల్ల ఇప్పాల్సి వస్తదా?" అని ఇంకో ఐదు వందలు తగ్గించమన్నాడు.